చూపుడు చెలక మట్టి

ఒకే గుంతలోంచి మట్టి తవ్వి సంచులన్నీ నింపుకొచ్చి, ఊరంతా తిరిగానని బొంకానని నా ఫైలులో రాశారు. అది తప్పు. అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే. ఆ మాట రాసిన చెయ్యి పింఛను పుచ్చుకుని ఎక్కడో సుఖంగా ఉండి ఉంటుంది. ఉండనీ, నేనూ సుఖంగానే ఉన్నాను. కోపం మాత్రం ఆ రోజు ఎంత ఉందో ఇవాళా అంతే ఉంది, జాడీలో ఊరగాయ లాగా, చెడిపోకుండా, ఇంకాస్త ఘాటెక్కి.

ఇప్పుడు మట్టి పరీక్షలు చేసే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మీకు మీట నొక్కితే అంకెలు వస్తాయి. ఆ అంకెల వెనక ఎవరో ఒకరు ఎండలో పార పట్టుకుని నిలబడి ఉంటారని మీకు గుర్తుండాలి. ఆ నిలబడ్డవాడిని నేను.

నేను బడిలో చదివింది నాలుగు తరగతులు, అదీ ఉర్దూలో. నిజాం పాలన పోయాక దుకాణాల బోర్డులు చూసి తెలుగు అక్షరాలు కూడబలుక్కున్నాను. ఇంగ్లీషు నేర్పింది మందు సీసాల మీది చీటీలు. కరీంనగర్‌లో మట్టి పరీక్షల ఆఫీసు పెట్టినప్పుడు సీసాలు కడగడానికి చేరాను. కడిగిన సీసాల్లో ఏం పోస్తున్నారో, ఎందుకు పోస్తున్నారో పక్కన నిలబడి అడిగి అడిగి విసిగించాను. ఆ విసుగు భరించలేకనేమో, నన్ను ఊళ్ల మీదికి మట్టి తెమ్మని పంపడం మొదలుపెట్టారు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఆ కాగితం రేపో మాపో వస్తుందని ఆఫీసులో అందరూ నా డబ్బుతో చాయ్ కూడా తాగారు.

ఆ రోజుల్లోనే కొత్త పొట్టి వరి వంగడాలు వచ్చాయి. ఎరువులు బాగా వేశారు, నీళ్లు బాగా పెట్టారు, అయినా గోదావరి పక్క కొన్ని ఊళ్లలో నాటిన కొన్నాళ్లకే ఆకుల మీద తుప్పు మచ్చలు లేచాయి. దూరం నుంచి చూస్తే మడి అంతా ఇటుక పొడి చల్లినట్టు ఉండేది. మట్టిలో జింకు చాలకపోతే ఇట్లా అవుతుందని మా ఆఫీసరు ఎక్కడో చదివారు. ఎకరానికి కాస్త జింకు సల్ఫేటు చల్లితే సరిపోతుంది. కానీ సర్కారు ఊరికే ఇవ్వదు కదా. ముందు ఆ ఊరి మట్టిలో జింకు లేదని తేలాలి.

అది తేల్చే యంత్రం హైదరాబాద్‌లో కొత్తగా దిగింది. దాని పేరు అటామిక్ అబ్సార్ప్షన్ స్పెక్ట్రోమీటర్. ఆ పేరు నోరు తిరగడానికి నాకు ఒక వానాకాలం పట్టింది కానీ, అది చేసే పని తేలికగానే చెప్పొచ్చు. ఒక పక్క దీపం, మధ్యలో మంట, ఇంకో పక్క ముల్లు. ఏ లోహాన్ని వెతుకుతున్నామో ఆ లోహం దీపమే పెట్టాలి. జింకుకు జింకు దీపం, రాగికి రాగి దీపం. మట్టిని ద్రావకంలో కలిపి కుదిపి వడగట్టి, ఆ నీళ్లను సన్నటి గొట్టంతో మంటలోకి చల్లుతారు. అందులో జింకు ఉంటే, అది మంటలో విడిపోయి జింకు దీపపు వెలుగును కొంత మింగేస్తుంది. ఎంత మింగిందో ముల్లు చూపిస్తుంది. పక్కన రాగి ఉన్నా ఇనుము ఉన్నా అవి ఆ వెలుగు జోలికి పోవు. అంత నిక్కచ్చి మనిషిని నేను మా ఆఫీసులో చూడలేదు.

చిక్కు ఎక్కడంటే, మట్టిలో ఉండే జింకు చిటికెడులో చిటికెడు కూడా కాదు. జింకు బకెట్‌లో ఒక్కసారి మట్టి పోసి కలిపితే చాలు, బకెట్ పూత అంటుకుని లెక్క తారుమారు అవుతుంది. అందుకని జింకు బకెట్ వద్దన్నారు, ఇనుప పార వద్దన్నారు. నేను చెన్నూరులో ఒక వడ్లాయనతో టేకు చెక్క పార చేయించుకున్నాను. అది భుజాన వేసుకుని నడుస్తుంటే ప్రతి ఊళ్లోనూ అదే పలకరింపు: “ఏం సారు, ఇనుము కరువొచ్చిందా?”

నేను చెప్పే ఊరు చెన్నూరుకు అవతల, గోదావరికి దగ్గర. బస్సు పోదు. ఆ వేపు పోతున్న గిర్దావరు జీపు కనబడితే ఎక్కేశాను. అదే నా కొంప ముంచింది. గిర్దావరు అంటే శిస్తు వ్యవహారాలు చూసే రెవెన్యూ మనిషి. ఆయన నన్ను ఊరి నడుమ దించి, చెయ్యి ఊపి ముందుకు పోయాడు. ఊరు చూసింది ఆ చెయ్యి ఊపడమే. తర్వాత నేను జింకు గురించి ఎంత చెప్పినా, “గట్లనే సారు, గట్లనే” అని తలలూపారు తప్ప ఒక్కరూ నమ్మలేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ ఊరి మాలీ పటేలు, అంటే ఊళ్లో శిస్తు వసూలు చేసే పెద్ద, పొడుగాటి మనిషి. నవ్వితే భుజాలు కూడా నవ్వేవి. చేతులు కట్టుకుని ఎదురొచ్చి, నన్ను సూటిగా ఊరి బయట ఒక ఎర్ర చెలకకు తీసుకుపోయాడు. మట్టి కంటే తెల్ల గులకరాళ్లే ఎక్కువగా ఉన్న మెట్ట నేల అది.

“గిదే సారు మా ఊరి భూమి. ఊరంత గిట్లనే ఉంటది. జొన్న ఏస్తే మోకాలెత్తు గూడ రాది.”

“మరి గా చెరువు కింద గనవడేది వరి గాదా పటేలా?”

“గదా... గది తుంగ సారు.”

“వరసలు పెట్టి నాటినట్టున్నది గద, తుంగ!”

భుజాలు కదిలాయి. “మా ఊళ్లె తుంగ గూడ జర పద్ధతిగనే మొలుస్తది సారు.”

నేను నవ్వి, పార భుజాన వేసుకుని చెరువు కిందికే నడిచాను. వెనక సగం ఊరు నడిచింది. అన్నీ నల్లరేగడి మడులు, అన్నిట్లోనూ ఆకులు తుప్పు పట్టి ఉన్నాయి. ఒక్కో మడిలో నాలుగైదు చోట్ల తవ్వి, శుభ్రమైన గుడ్డ మీద కలిపి, అందులోంచి కాస్త తీసుకుని, బడి అరుగు మీద నీడకు ఆరబెట్టాను. ఆరాక ఒక్కో మడి మట్టిని ఒక్కో గుడ్డ సంచిలో పోసి, లోపల చీటీ పెట్టి ముడి వేశాను. ఈ పని నేను దేవుడి పనిలాగే చేసేవాణ్ణి. అందుకే ఇప్పటికీ నాకు అంత మంట.

సంచులు కట్టేసరికి వాన పట్టుకుంది. ఊరి ముందు వాగు పొంగి దారి మూసుకుపోయింది. సంచులన్నీ పటేలు తన ఇంట్లో ఎత్తు బల్ల లాంటి గడెంచె మీద పెట్టించాడు. వాన తెరిపి ఇచ్చిన రోజు పటేలు వచ్చి, “గింత దూరమొచ్చి గోదారి సాపలు తినకపోతె ఎట్ల సారు? నడువుండ్రి” అన్నాడు.

“సంచులున్నయి గద పటేలా.”

“మన్ను సంచులు యాడికి పోతయి? మా అవ్వ కావలుంటది. ఫికర్ జెయ్యకుండ్రి.”

పోయాను. ఒడ్డునే పొయ్యి పెట్టి, చింతపులుసు పోసి వండారు. నా జన్మలో అంత మంచి చేపల పులుసు తినలేదు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది అదే: ఇప్పటికీ ఆ రుచి గుర్తొస్తే నోరూరుతుంది.

వాగు తగ్గాక బండి మీద, ఆపైన బస్సులో, మంచిర్యాలలో రైలెక్కి, పెద్దపల్లిలో దిగి, మళ్లీ బస్సులో, అట్లా సంచులను కరీంనగర్ చేర్చాను. మామూలు నమూనాలైతే మా దగ్గరే దంచి జల్లించేవాళ్లం. కానీ మా జల్లెడ ఇత్తడిది, ఇత్తడిలో జింకు ఉంటుంది. అందుకని వీటిని విప్పకుండా అట్లాగే హైదరాబాద్ పంపమన్నారు మా ఆఫీసరు. మంచి జాగ్రత్తే. ఆ జాగ్రత్త వల్లనే కరీంనగర్‌లో ఎవరూ సంచి ముడి విప్పి లోపల ఏముందో చూడలేదు.

కొన్ని వారాల తర్వాత ఆఫీసరు పిలిచారు. ఆయనది కోస్తా జిల్లా. నిదానస్తుడు, కోపం వస్తే గొంతు పెంచడానికి బదులు తగ్గించేవారు. ఆ రోజు గొంతు దాదాపు వినబడలేదు.

“ఏమయ్యా, ఆ ఊళ్లో ఎన్ని పొలాలు తిరిగావు?”

“చెరువు కిందియన్ని తిరిగిన సార్.”

“యంత్రం మాత్రం నువ్వు ఒక్క గుంతే తిరిగావంటోంది.”

జింకు దీపం పెట్టినా, రాగి దీపం పెట్టినా, ఏ సంచి మట్టికైనా ముల్లు ఒకే చోట ఆగిందట. జింకుకు కొదవ లేదట, ఆ ఊరికి మందు అక్కరలేదట. హైదరాబాద్ నుంచి మిగులు మట్టితో ఒక సంచి వెనక్కి వచ్చింది. విప్పి చూశాను. ఎర్ర మట్టి, తెల్ల గులకరాళ్లు.

“సార్, సంచి నాది, చీటీ నాది. మన్ను నాది గాదు. నేను నల్లమట్టి పోసిన.”

“నల్లమట్టి రైల్లో ఎర్రబడిందా?” అని ఆయన కాగితం మీద రాయడం మొదలుపెట్టారు. నేను నమ్మదగిన సంజాయిషీ ఇచ్చుకుంటే సరే, లేకపోతే పర్మనెంటు కాగితం రాదు, ఉన్న పనీ ఉండదు.

ఆఫీసులో తోటివాళ్లు పాపం చెడ్డవాళ్లు కారు. కాకపోతే దొరికినవాణ్ణి వదిలేటంత మంచివాళ్లూ కారు. “అన్నా, జర గా గుంత మాక్కూడ జూపియ్యే. మాకు గూడ ఊళ్లు తిరిగే బాధ తప్పుతది” అని ఒకడు. “గుంత సార్ వచ్చిండు, కుర్చీ ఎయ్యుండ్రి” అని ఇంకొకడు. ఈ ‘గుంత సార్’ అన్న పేరు నాతోపాటే రిటైరయింది, అంతకు ముందు కాలేదు.

సెలవు పెట్టి మళ్లీ ఆ ఊరికి పోయాను, ఈసారి జీపు ఎక్కకుండా, బురదలో నడిచి. ఊరిని నిలదీద్దామని దారంతా మాటలు పేర్చుకుంటూ పోయాను. తీరా చూస్తే ఊరే నన్ను నిలదీసింది.

“రా సారూ, రా!” పటేలు భుజాలు ఈసారి నవ్వలేదు. “వాగవతలి ఊరోళ్లకు మందిచ్చిండ్రు. ఆళ్ల వరి పచ్చగయింది. మాది మాడిపోవట్టె. మాకెందుకు రాలే? ఆళ్లేమన్న నీ సుట్టాలా?”

“మీ మట్టిల జింకు మస్తుగున్నదని మిషన్ జెప్పింది పటేలా.”

“మస్తుగుంటే ఆకులు గిట్లెందుకైతయి?”

“గదే నేనడుగుతున్న. నేను తీస్కపోయింది నల్లమట్టి. పట్నం జేరింది ఎర్రమట్టి. దోవల సంచులు రంగేసుకున్నయా?”

ఎవరో దగ్గారు. ఇంకెవరో రుమాలు సర్దుకున్నారు. పటేలు చెరువు వేపు చూడసాగాడు. గడప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్న వాళ్ల అవ్వ, ఎనభై దాటిన మనిషి, ఒక్కసారిగా కిసుక్కుమని నవ్వింది.

“ఇంకెన్నొద్దులు దాస్తవ్ కొడకా? జెప్పు. జెప్పకపోతె నేను జెప్త.”

చివరికి ఆమే చెప్పింది.

“బిడ్డా, గది మా చూపుడు చెలక. నేను కాపురానికి రాకముందు సంది ఉన్నది. బందోబస్తోళ్లు పొలాలు కొలిచి, మన్నును జూసి శిస్తు కట్టెతందుకు వస్తరు గద. ఎవ్వలొచ్చినా మేం గదే జూపెడ్తం. గా చెలకల పిడికెడు పెంట గూడ ఎయ్యనియ్యం. బాగువడ్డదంటే ఇంకేం జూపెడ్తం?”

“నేను బందోబస్తోన్ని గాదు గదవ్వా!”

“గిర్దావరు జీబుల దిగితివి. ఇంకేమనుకోవాలె? నువ్వు మాట ఇనకుంట చెరువు కింద తవ్వితివి. నిన్ను సాపలకు తోల్కపోయినంక మేం ఆడోళ్లం కూసోని సంచులు ఇప్పినం. చూపుడు చెలక మన్ను నింపినం. చీటీలు ఒక్కటి గూడ తప్పలే.” కాసేపు గింజ తీసి, ముఖ్యమైన మాట మరిచిపోయినట్టు తల ఎత్తింది. “నీ నల్లమన్ను గూడ పారబొయ్యలే బిడ్డా. ఎవల మన్ను ఆళ్ల మడిలనే పోసి వచ్చినం. మేం దొంగలం గాదు.”

నాకు నవ్వు ఆగలేదు. కోపమూ ఆగలేదు. రెండూ ఒకేసారి వస్తే గొంతు ఎట్లా అవుతుందో నాకు ఆ రోజు తెలిసింది.

“అవ్వా, మీ వరి పోతున్నది, నా నౌకరి పోతున్నది. ఇది పట్నంల ఎవరు నమ్ముతరు?”

“గీడు జెప్తడు.” కొడుకును చూపించింది.

పటేలు బెదిరిపోయాడు. “అవ్వా! సర్కారు ముంగట ఒప్పుకుంటే ఇన్నేండ్ల శిస్తు తిరగ తోడ్తరు. ఊరు పరేషానైతది.”

“వరే లేకుంటె శిస్తు తక్కువుండి ఏం ఫాయిద రా? పో. అంగీ తొడుక్కో.”

మళ్లీ మడుల్లోకి దిగాను. మొదటిసారి తుంగ అన్న ఊరే ఈసారి “మా మడి ముందు సారు, మా మడి ముందు” అని నా చెక్క పారను గుంజుకుంది. చివర చూపుడు చెలకలో కూడా తవ్వి, ఆ మట్టి వేరే సంచిలో కట్టాను. ఈసారి సంచుల కావలి పటేలుది. మంచిర్యాలలో రైలెక్కినప్పటి నుంచి ఆయన వాటిని ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాడు. కాజీపేటలో చాయ్ తాగడానికి కూడా దిగలేదు.

హైదరాబాద్‌లో ఆ యంత్రం దగ్గర ఉండే సాబ్ పాతబస్తీ మనిషి. తెల్ల కోటు, జేబులో పాన్ డబ్బీ. నన్ను చూడగానే, “క్యా మియా, మల్ల గదే గుంత తెచ్చినవా?” అన్నాడు. విషయమంతా చెప్పాను. ఆయన నమ్మలేదు, నమ్మననీ అనలేదు. “మాటలు నాకొద్దు. మంటల పెడ్దాం. గ్యాస్ సిలిండర్ అయిపోవచ్చింది, కొత్తది ఎప్పుడొస్తదో తెల్వది. మూడు పరీక్షలు జేస్త, అంతే. ఏవి గావాలె?”

నేను ఆలోచించి చెప్పాను: మొదటిసారి పంపిన సంచుల్లో ఒకటి, చూపుడు చెలక సంచి ఒకటి, చెరువు కింది నల్లమట్టి ఒకటి.

మట్టి కుదపడం, వడగట్టడం అయ్యేసరికి పొద్దు వాలింది. మంట వెలిగించారు. పటేలు రుమాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. పాత సంచి నీళ్లు మంటలోకి పోయాయి. ముల్లు లేచి ఒక చోట నిలబడింది. సాబ్ అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టాడు. శుభ్రమైన నీళ్లు చల్లితే ముల్లు సున్నాకు దిగింది. అప్పుడు చూపుడు చెలక. ముల్లు లేచింది, ఊగింది, సరిగ్గా ఆ పెన్సిల్ గుర్తు మీదికి వచ్చి ఆగింది.

ఇక నల్లమట్టి. ఈసారి ముల్లు, ఇష్టం లేకుండా పీట మీది నుంచి లేవబోయిన మనిషిలాగా, కాస్త కదిలి మళ్లీ చతికిలబడింది. జింకు లేదు. ఉన్నా లేనట్టే.

సాబ్ పాన్ డబ్బీ మూత తీసి, మళ్లీ పెట్టాడు. “మియా, మిషన్ ఝూట్ నై బోల్తా.”

“నేను గూడ బొంకలే సాబ్.”

“మరెవరు బొంకిండ్రు?”

పటేలు ఒక అడుగు ముందుకు వేశాడు. “మేమే సాబ్. కని మీతోని గాదు. గిర్దావరుతోని బొంకినం. మీరు నడుమల అడ్డమొచ్చిండ్రు.”

సాబ్ పగలబడి నవ్వాడు. పటేలు మాత్రం నవ్వలేదు, ఆయనకు ఇంకా ఒక సందేహం మిగిలింది. “సాబ్, గీ మిషన్ శిస్తు గూడ ఏస్తదా?”

“నై పటేల్ సాబ్. గిది జింకే జూస్తది. శిస్తుకు దీపం ఇంకా తయారు గాలే.”

“అయితె ఫికర్ లేదు.” ఆయన భుజాలు అప్పటికి నవ్వాయి. యంత్రాన్ని చుట్టూ తిరిగి చూశాడు. “మస్తు తెల్విగల్లది సాబ్. మా తాతల నాటి సంది ఒక్క గిర్దావరు గూడ పట్టలే. ఇది గడియల పట్టింది.”

ఆ ఊరికి జింకు సల్ఫేటు వచ్చింది. నీళ్లలో కలిపి చల్లించడానికి నేనే పోయాను. మాడిన ఆకులు బాగుపడవు కానీ, కొత్తగా వచ్చిన ఆకు పచ్చగా వచ్చింది. “ఇంకేందవ్వా, చూపుడు చెలకల గూడ ఇంత పెంట ఎయ్యరాదు?” అని అడిగితే, అవ్వ నన్ను జాలిగా చూసింది. “తొందరెందుకు బిడ్డా? గిర్దావరు ఇంకా నౌకరిలనే ఉన్నడు గద.”

ఇక్కడితో అయిపోయిందని మీరు అనుకుంటారు. మా ఆఫీసరు కూడా అట్లాగే అనుకున్నారు. “తేలిపోయింది కదయ్యా, ఇంకా ఆ మాట పట్టుకుని వేలాడతావేం?” అన్నారు. ఊరికి మందు వచ్చింది, సాబ్‌కు కథ దొరికింది, పటేలుకు పట్నం చూసిన పేరు వచ్చింది. నా ఫైలులో మాత్రం ఒకే గుంత అట్లాగే ఉంది. అది ఉన్నంతకాలం పర్మనెంటు కాగితం కదలదు. నేను పైఆఫీసుకు అర్జీ పెట్టాను. జవాబు రాకపోతే ఇంకోటి పెట్టాను. బోర్డులు చూసి నేర్చుకున్న తెలుగులో, ఎక్కడెక్కడ ఒత్తులు పెట్టాలో తెలియకపోయినా కోపం వచ్చిన చోటల్లా ఒత్తి మరీ రాశాను. గిర్దావరు జీపు, చెక్క పార, చేపల పులుసు, అవ్వ మాట, ముల్లు ఆగిన చోటు, ఏదీ విడిచిపెట్టలేదు. ‘గుంత సార్ మళ్లీ అర్జీ రాస్తుండు’ అని ఆఫీసులో సిరాబుడ్డి నా బల్ల మీదికి జరిపేవాళ్లు.

మామిడి పూత వేళకు జవాబు వచ్చింది. మీరు నమ్మకపోతారేమోనని, ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

“తమ అర్జీలు అన్నియు పరిశీలించడమైనది. సంచులలోని మట్టి ఒకే గుంతలోనిది అన్న మాట వాస్తవమేననియు, అయితే ఆ గుంత తవ్వినది తాము కాదనియు ఈ కార్యాలయము అంగీకరించుచున్నది. తమపై వ్రాసిన మాట కొట్టివేయడమైనది. తమ ఉద్యోగము ఖాయపరచడమైనది. ఇకమీదట మట్టి తీయబోవు ప్రతి ఉద్యోగియు ముందుగా ఆ గ్రామపు చూపుడు చెలక ఏదో విచారించి, ఆ మట్టిని వేరొక సంచిలో పంపవలెను. ఇంతవరకు రెండు జిల్లాలలో తీసిన నమూనాలలో చూపుడు చెలకలవి ఎన్ని కలవో తెలియనందున, అన్నియు తిరిగి తీయవలసియున్నది. సదరు పని, అనుభవము దృష్ట్యా, తమకే అప్పగించడమైనది.”